దారి కూడ ఔషధమే

మధ్యాహ్నము రెండు గంటలు కావచ్చినది. భిలాయి ఉక్కు కర్మాగారము గేట్ల యొద్ద ఉదయపు షిఫ్టు వారు బయటికి వచ్చుచున్నారు. మధ్యాహ్నపు షిఫ్టు వారు లోనికి పోవుచున్నారు. సైకిళ్ళు, స్కూటర్లు, మోటారు సైకిళ్ళు, కార్లు, బస్సులు రోడ్డు నిండ క్రమ్ముకొని యున్నవి. ప్రతివారికిని తొందరయే. ఇంటికి పోయి రెండు ముద్దలు తిని నడుము వాల్చవలెనని ఒకరికి తొందర; హాజరు వేళ దాటిపోవునేమో యని మరియొకరికి తొందర. ఆ సమయమున వెనుకనుండి దూరముగా ఒక ధ్వని వినవచ్చును. హెచ్చుచు తగ్గుచు అది దగ్గరకు వచ్చుచుండును. అంబులెన్సు వచ్చుచున్నది.

ఆ క్షణమున రోడ్డు మీద నున్న వందలాది జనులు ఏమి చేయుదురు? కొందరు వెనుదిరిగి చూతురు. కొందరు ఊరక హారను మ్రోగింతురు. ఒకరు కుడి ప్రక్కకును, మరియొకరు ఎడమ ప్రక్కకును బండి త్రిప్పుదురు. ఒకరు బెదరి నడిరోడ్డున నిలిచిపోవుదురు. ఒకరు అంబులెన్సుకంటె ముందుగా కూడలి దాటిపోవలెనని వేగము హెచ్చింతురు. వీరిలో దుర్మార్గుడెవ్వడును లేడు. లోపల నున్న రోగి బ్రతుకవలెననియే అందరును కోరుదురు. అయినను ఎవరేమి చేయవలెనో ముందుగా తెలియకపోవుటచేత దారి యేర్పడదు.

దారి యిచ్చుటకు మంచి మనస్సు ఒక్కటియే చాలదు. పద్ధతియు తెలిసి యుండవలెను. ఆ పద్ధతి కష్టమైనది కాదు. సైకిలు త్రొక్కు బాలుడు మొదలు లారీ నడుపు డ్రైవరు వరకు ఎవరైనను నేర్చుకొనదగినది. దానిని వివరించుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము.

భిలాయి నగరము - ఆసుపత్రి దారి

భిలాయి ఉక్కు కర్మాగారము సోవియట్ రష్యా సహాయముతో నిర్మింపబడినది. అందులకు ఒడంబడిక 1955లో జరిగెను. మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించిరి. అప్పుడు మధ్యప్రదేశములో నుండిన ఈ ప్రాంతము 2000 నవంబరు 1వ తేదీన ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో చేరినది. దేశమున రైళ్ళు నడచు పట్టాలు ఇచట తయారగుచున్నవి.

కర్మాగారముతోపాటు ఒక నగరము పుట్టినది. పని వెదకుకొనుచు దేశము నలుమూలల నుండి జనులు వచ్చిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము మొదలగు జిల్లాలనుండి తెలుగువారును వచ్చి ఇచట స్థిరపడిరి. నేడు వారి మనుమలు కూడ ఈ ఊరివారే. హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, బెంగాలీ, ఒడియా, మలయాళము - ఇన్ని భాషలు వినబడు ఈ ఊరిలో ఎవరికిని అనువాదము అవసరము లేని పిలుపు ఒకటి కలదు. అది అంబులెన్సు సైరను.

నివాస స్థలములు సెక్టార్లుగా విభజింపబడినవి. సెక్టారు 9లో జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి కలదు. ఊరివారు దానిని సెక్టారు 9 ఆసుపత్రి యనియే పిలుతురు. కాలిన గాయములకు చికిత్స చేయు విభాగము అందు ప్రత్యేకముగా కలదు. కర్మాగారమున ప్రమాదము జరిగినను, సెక్టారులోని ఇంటిలో ఒకరికి గుండెపోటు వచ్చినను, అంబులెన్సు ఈ ఊరి వీధుల గుండనే పోవలెను. హౌరా - బొంబాయి రైలు మార్గము ఊరిని చీల్చుకొని పోవుచున్నది. ఆ మార్గమునకు అవతల సుపేలా, పవర్‌హౌస్ బజార్లు, రాయపూరు - దుర్గ్‌ల మధ్య నెప్పుడును లారీలతో నిండి యుండు జాతీయ రహదారి కలవు. అవతలి రోగి ఇవతలకు రావలెనన్నచో రైలు మార్గము క్రింది ఇరుకు దారులలో నెగ్గుకొని రావలెను. కావున ఈ ఊరిలో దారి యిచ్చుట యనునది మర్యాదకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. వైద్యములో ఒక భాగము.

రెండు దుర్దినములు

ఈ మాట ఎంత నిజమో భిలాయి ప్రజలకు తెలియును. 2014 జూన్ 12వ తేదీన కర్మాగారములో బ్లాస్టు ఫర్నేసులకు సంబంధించిన పంపుహౌసు యొద్ద విషవాయువు వెలువడెను. ఉన్నతోద్యోగులతో సహా ఆరుగురు మరణించిరి. అనేకులు అస్వస్థులై ఆసుపత్రికి చేర్చబడిరి. 2018 అక్టోబరు 9వ తేదీ ఉదయము కోక్ ఓవెన్ విభాగమున గ్యాసు గొట్టమునకు మరమ్మతు జరుగుచుండగా మంట లెగసినవి. పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పలువురు తీవ్రముగా కాలిన గాయములతో సెక్టారు 9 ఆసుపత్రికి తరలింపబడిరి. అపాయమును అడ్డుకొనుటకై అచట నిలిచిన అగ్నిమాపక దళమువారును మృతులలో నుండిరి.

అట్టి దినములలో ఒక్క అంబులెన్సుతో పని తీరదు. ఒకదాని వెనుక నొకటి పోవును. పోయిన బండియే మరల తిరిగి వచ్చును. అగ్నిమాపక యంత్రములు ఎదురు దిశలో పరుగిడును. రోడ్డు మీద పోవు సామాన్యునకు లోపల ఎవరున్నారో తెలియదు. ప్రక్కింటివాడు కావచ్చును. అదే షిఫ్టులో తనతో కలిసి పనిచేయు తోటి కార్మికుడు కావచ్చును. తన ఇంటివాడే కావచ్చును.

నిమిషముల విలువ

కొద్ది నిమిషములు ఆలస్యమైనంతమాత్రమున ఏమగునని కొందరనుకొందురు. శరీర ధర్మము అట్టిది కాదు.

గుండె కొట్టుకొనుట ఆగిపోయినప్పుడు మెదడునకు రక్తము అందదు. నాలుగైదు నిమిషములు గడచునప్పటికి మెదడు చెడిపోవుట ప్రారంభించును. రొమ్మును అదిమి గుండెను ఆడించు ప్రథమ చికిత్సయు, గుండెకు విద్యుదాఘాత మిచ్చు చికిత్సయు లభింపనిచో, గడచిన ప్రతి నిమిషమునకును రోగి బ్రతుకు అవకాశము నూటికి ఏడు నుండి పది పాళ్ళ వంతున తగ్గిపోవుచుండును.

మెదడులోని రక్తనాళము మూసికొనిపోయి పక్షవాతము వచ్చినప్పుడు, గడ్డకట్టిన రక్తమును కరిగించు మందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. ఆ గడువులో ఇంటియొద్ద సందేహించుట, బండి కొరకు వెదకుట, దారిలో ఆగుట, ఆసుపత్రిలో పరీక్షలు - ఇవన్నియు ముగియవలెను. పెద్ద రక్తనాళము తెగినచో కొన్ని నిమిషములలోనే ప్రాణాపాయము కలుగును.

ఉక్కు నగరమునకు ప్రత్యేకముగా సంబంధించిన అపాయము మరియొకటి కలదు. బ్లాస్టు ఫర్నేసునుండి వెలువడు వాయువులో కార్బన్ మోనాక్సైడు హెచ్చుగా నుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా బలముగా పట్టుకొనును. రోగిని మంచిగాలిలో నుంచినచో, రక్తములోని ఆ విషము సగమునకు తగ్గుటకు సుమారు నాలుగైదు గంటలు పట్టును. శుద్ధమైన ప్రాణవాయువును ముఖమునకు తొడుగు ద్వారా ఇచ్చినచో సుమారు గంట, గంటన్నరలో తగ్గును. అంబులెన్సులో ప్రాణవాయువు సిలిండరు ఉండును. అనగా అంబులెన్సు రోగిని చేరిన క్షణముననే వైద్యము మొదలగును. రోగి యొద్దకు పోవునప్పుడు దానిని ఆపినవారు ఆ వైద్యమునే ఆపినవారగుదురు.

ఇక లెక్క చూడుడు. ఆరు కిలోమీటర్ల దూరమును గంటకు 60 కిలోమీటర్ల వేగముతో ఆరు నిమిషములలో దాటవచ్చును. రోడ్డు క్రిక్కిరిసి వేగము 20 కిలోమీటర్లకు పడిపోయినచో పదునెనిమిది నిమిషములు పట్టును. పండ్రెండు నిమిషముల తేడా వచ్చినది. ఈ పండ్రెండు నిమిషములను ఏ వైద్యుడును, ఏ ఔషధమును రోగికి తిరిగి తెచ్చి యియ్యజాలదు. రోడ్డు మీద నున్నవారు మాత్రమే ఇయ్యగలరు.

గుర్తించుట ఎట్లు?

దారి యియ్యవలెనన్న ముందుగా వాహనము వచ్చుచున్నదని తెలియవలెను. అంబులెన్సు, అగ్నిమాపక యంత్రము మొదలగు అత్యవసర వాహనములకు పై భాగమున మెరయు రంగు దీపములును, పలు స్వరములు గల సైరనును ఉండును. మంత్రులు, అధికారులు మొదలగువారు తమ కార్లపై ఎర్ర దీపము పెట్టుకొను ఆచారము 2017 మే 1వ తేదీనుండి తొలగింపబడినది. కావున నేడు మెరయు దీపము అధికారమునకు గుర్తు కాదు, ఆపదకు గుర్తు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు వాహనము ఒక సెకనునకు దాదాపు 17 మీటర్లు పోవును. మీరు ఆగియుండి, నూరు మీటర్ల దూరమున సైరను విన్నచో, మీకు మిగులు వ్యవధి ఆరు సెకనులు మాత్రమే. కారు అద్దములన్నియు మూసి, లోపల పాటలు పెట్టుకొన్నవారికి ఆ ఆరు సెకనులును దక్కవు. చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని మోటారు సైకిలు నడుపువారికి అసలే దక్కవు. పాటను తగ్గించుడు, ఇయర్‌ఫోనులను తీసివేయుడు. వెనుక చూచు అద్దములను సరిచేసి అప్పుడప్పుడు చూచుచుండుడు. మోటారు సైకిలునకు అద్దములు శృంగారమునకు గాక చూచుటకే అమర్చబడినవి, వాటిని తీసివేయరాదు.

సైరను వినబడినను ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చెవికి వెంటనే తెలియదు. ఇరుప్రక్కల గోడలున్నచోట ధ్వని మారుమ్రోగి భ్రమ కలిగించును. కావున ముందు వేగము తగ్గించి, అద్దములలోను, ఎదుటను, అడ్డురోడ్ల వైపును చూచి, వాహనము కనబడిన తరువాతనే ప్రక్కకు జరుగవలెను.

దారి యిచ్చు విధము

మన దేశమున వాహనములు ఎడమ ప్రక్కన నడచును. కావున మూలసూత్రము ఒక్కటియే: ఎడమ ప్రక్కకు జరుగుడు, నిదానించుడు, అవసరమైనచో ఆగుడు. అందరును ఒకే ప్రక్కకు జరిగినప్పుడే కుడి ప్రక్కన దారి యేర్పడును. మీరు ఏ ప్రక్కకు జరుగుదురో అంబులెన్సు డ్రైవరు ముందుగా ఊహింపగలిగి యుండవలెను. ఊహకు అందని మంచికంటె ఊహకు అందిన క్రమము రోగికి ఎక్కువ మేలు చేయును.

మొదట అద్దములో చూడుడు. పిమ్మట ఎడమ ప్రక్క సిగ్నలు దీపము వేయుడు. అకస్మాత్తుగా బ్రేకు వేయక, మెల్లమెల్లగా వేగము తగ్గించుచు ఎడమ ప్రక్కకు జరుగుడు. ఎడమ ప్రక్కన సైకిలువాడు గాని, నడచిపోవువారు గాని యున్నారేమో తప్పక చూడుడు. ఒకరికి దారి యియ్యబోయి మరియొకరిని పడద్రోయరాదు. ఒక అంబులెన్సుకు దారి యిచ్చు తొందరలో రెండవ అంబులెన్సునకు పని కల్పించుట వివేకము కాదు.

వాహనము దాటిపోయిన వెంటనే కదలరాదు. దాని వెనుక మరియొకటి వచ్చుచున్నదేమో చూడవలెను. అగ్నిమాపక యంత్రములు సాధారణముగా ఒకటికంటె ఎక్కువ వచ్చును. వేలకొలది లీటర్ల నీటి బరువుతో పోవు ఆ బండి, కారు ఆగినట్లు చటుక్కున ఆగజాలదు. వెనుక దారి ఖాళీ అయినదని నిశ్చయించుకొని, సిగ్నలు వేసి, మరల రోడ్డు మీదికి రావలెను.

నడుమ గట్టు లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చువారును ఎడమ ప్రక్కకు జరిగి నిదానింపవలెను. అంబులెన్సు ముందున్న బండ్లను దాటుటకై వారి భాగములోనికి రావలసి యుండవచ్చును. 'అది నా వెనుక రాలేదు గదా' యని వేగముగా పోవుట పొరపాటు.

కూడలి యొద్ద మీకు పచ్చ దీపము వెలిగి యున్నను, అడ్డురోడ్డునుండి అంబులెన్సు వచ్చుచున్నచో మీరు ఆగవలెను. పచ్చ దీపము పోవుటకు అనుమతి యేగాని ఆజ్ఞ కాదు. మీరు అప్పటికే కూడలి నడుమ నున్నచో అచట నిలువక, దాటి అవతలికి పోయి ఎడమ ప్రక్కన ఆగవలెను. ఎర్ర దీపము యొద్ద నిలిచి యున్నప్పుడు వెనుకనుండి సైరను వినబడినచో, గీతకు లోపలనే వీలైనంతవరకు ఎడమకు జరుగుడు. గ్రుడ్డిగా గీత దాటి అడ్డువచ్చు వాహనములలో చొరబడరాదు. పోలీసువారు సైగ చేసినచో ఆ సైగ ప్రకారము నడుచుకొనవలెను.

మలుపులందును, వంతెనలపైనను, రైలు మార్గము క్రింది ఇరుకు దారులందును ఆగరాదు. అచట మీరు ఆగినచో అంబులెన్సు మీ వెనుకనే చిక్కుకొనిపోవును. అట్టిచోట ఆగక ముందునకు సాగి, రోడ్డు వెడల్పైన తావున ఎడమకు జరిగి దారి యియ్యవలెను.

రైల్వే గేటు మూసియున్నప్పుడు మన రోడ్లమీద ఒక చెడ్డ అలవాటు కనబడుచుండును. గేటుకు ఇరువైపులను జనులు తమ భాగమునే గాక ఎదుటివారి భాగమును కూడ నింపివేయుదురు. గేటు తెరచునప్పటికి రెండు సేనలు ఎదురెదురుగా నిలిచినట్లుండును, ఎవరును కదలలేరు. ఆ గుంపులో అంబులెన్సు చిక్కుకొన్నచో ఇక చెప్పవలసినది లేదు. మీ వరుసలోనే నిలువుడు. కుడి భాగమును ఖాళీగా విడువుడు.

రద్దీలో నిలిచినప్పుడు ముందు బండిని అంటుకొని నిలువరాదు. ఎదుటి బండి వెనుక చక్రములు రోడ్డును తాకుచోటు కనబడునంత ఎడము విడువవలెను. ఆ కొద్ది ఎడమున్నచో సైరను విన్నప్పుడు బండి త్రిప్పుకొనుటకు వీలగును; లేనిచో మనస్సున్నను మార్గముండదు. జర్మనీ దేశమున పెద్ద రహదారులపై వాహనముల వేగము తగ్గిన వెంటనే, సైరను వినబడకముందే, అందరును ఇరుప్రక్కలకు జరిగి నడుమ ఒక త్రోవ విడువవలెనని చట్టము కలదు. మన నియమము వేరు. మనము ఎడమకే జరుగవలెను. కాని ఆపద రాకముందే దానికి చోటు విడిచి యుంచవలెనను వారి బుద్ధి మనకును అనుసరణీయమే.

సైకిలుపై పోవువారు రోడ్డు అంచునకు పోయి, వీలైనచో దిగి నిలువవలెను. నడచువారు రోడ్డు దాటు ప్రయత్నమును మానుకొని, పిల్లల చేతులు పట్టుకొని ప్రక్కన నిలువవలెను. వింత చూచుటకై ముందునకు రారాదు.

చేయరాని పనులు

అంబులెన్సు వెనుకనే అంటుకొని వేగముగా పోవుట చాలమంది చేయు తప్పు. తెరచిన దారిని తమ తొందరకు వాడుకొనుట న్యాయము కాదు, అపాయకరము కూడ. అది అకస్మాత్తుగా ఆగినను, మలుపు తిరిగినను వెనుకవాడు దానిని ఢీకొనును. రోగి బంధువులు కూడ తమ బండిలో ఆ వేగముతో వెంబడింపరాదు. ఒకరు రోగితో అంబులెన్సులో పోవలెను. మిగిలినవారు నెమ్మదిగా ఆసుపత్రికి చేరవలెను.

అంబులెన్సుతో పందెము వేసికొని ముందు పోవుట, దాని ముందు హారను మ్రోగించుచు దారి చేయబోవుట, దాని కిటికీలలోనికి తొంగిచూచుట, సెల్‌ఫోనుతో చిత్రములు తీయుట - ఇవన్నియు విడువదగినవి.

రెండు సందేహములు

'లోపల రోగి లేడు, ఖాళీగా పోవుచున్నది, సైరను ఏల?' యని కొందరు దారి విడువరు. ఇది పెద్ద పొరపాటు. ఖాళీగా పోవు అంబులెన్సు తరచుగా రోగిని తెచ్చుటకే పోవుచుండును. ఆ రోగి యొద్ద అప్పటికి వైద్యుడును లేడు, ప్రాణవాయువును లేదు. లోపల పడుకొన్న రోగికంటె దూరమున ఎదురుచూచుచున్న రోగియే ఎక్కువ నిస్సహాయుడు.

'కొందరు డ్రైవర్లు అవసరము లేకున్నను సైరను మ్రోగింతురు గదా' యని మరికొందరందురు. అట్లు చేయువాడు తప్పు చేసినవాడే. సైరనును వృథాగా మ్రోగించినకొలది ప్రజలకు దానియందు నమ్మకము తగ్గును. ఆ నష్టము రేపటి రోగికి తగులును. అధికారులు దానిని విచారింపవలసినదే. కాని సైరను సత్యమా అసత్యమా యని నడిరోడ్డున తీర్పు చెప్పుటకు మనకు వ్యవధియు లేదు, సాధనమును లేదు. అనవసరముగా దారి యిచ్చినచో మనకు పోవునది అర నిమిషము. అవసరమైనప్పుడు ఇయ్యనిచో పోవునది ఒక ప్రాణము.

అంబులెన్సు డ్రైవరునకును ధర్మము కలదు. సైరను మ్రోగినంతమాత్రమున రోడ్డు ఖాళీ యైనదని ఆయన తలంపరాదు. కూడలి యొద్ద నిదానించి, ఇతరులు తనను చూచినారని నిశ్చయించుకొని దాటవలెను. నిమిషము ముందుగా చేరుటకంటె క్షేమముగా చేరుట ముఖ్యము.

చట్టము ఏమి చెప్పుచున్నది?

అగ్నిమాపక వాహనము గాని అంబులెన్సు గాని వచ్చునప్పుడు ప్రతి చోదకుడును రోడ్డు ప్రక్కకు జరిగి దానికి నిరాటంకముగా దారి యియ్యవలెనని 1989 నాటి రోడ్డు నియమములలోనే యుండెను. 1988 మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణచేత 194-ఇ అను సెక్షను చేర్చబడినది. 2019 సెప్టెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ఆ సెక్షను ప్రకారము, అత్యవసర వాహనమునకు ప్రక్కకు జరిగి దారి యియ్యనివారికి ఆరు నెలల వరకు ఖైదు గాని, పదివేల రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఆ సవరణలోనే మరియొక మంచి మాట కలదు. ప్రమాదమున గాయపడినవారికి సద్బుద్ధితో సహాయము చేసినవారిని చట్టము రక్షించును. కావున పోలీసు చిక్కులకు భయపడి ప్రక్కకు తప్పుకొనవలసిన పని లేదు.

శిక్షకు భయపడి దారి యిచ్చుట కంటె, లోపల నున్నవాడు మనవాడని తలచి దారి యిచ్చుట ఉత్తమము. కాని శిక్ష యేల అంత కఠినముగా విధింపబడినదో ఆలోచించినచో, ఆ అపరాధము ఎంత పెద్దదో తెలియగలదు.

ఇంటియొద్ద చేయవలసినది

దారి యనునది పెద్ద రోడ్డుతో ముగియదు. రోగి మంచము వరకు పోవలెను. ఛత్తీస్‌గఢ్‌లో 108 అంబులెన్సు సేవ 2011లో ప్రారంభమైనది. ఆ సంఖ్యకు గాని, అన్ని అత్యవసరములకును ఒక్కటియైన 112 సంఖ్యకు గాని ఫోను చేయవచ్చును. అగ్ని ప్రమాదమునకు 101 సంఖ్య కలదు. ఫోను చేసినవారు తొట్రుపడక, సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు సంఖ్యలను వరుసగా చెప్పి, దగ్గర నున్న గుడినో బడినో గుర్తుగా చెప్పవలెను. అవతలివారు చాలునన్నంతవరకు ఫోను పెట్టివేయరాదు. తెలుగు తప్ప మరియొక భాష రాని వృద్ధులు ఇంటిలో నున్నచో, ఈ చిరునామాను హిందీలో వ్రాసి గోడకు అంటించి యుంచుట మంచిది. వేరొకరు వచ్చి చదివి చెప్పగలరు.

ఒకరు వీధి మొగలో నిలిచి చేయి యెత్తి చూపవలెను. రాత్రి యైనచో ఇంటి ముందు దీపము వెలిగింపవలెను. ఇంటి ముందు అడ్డముగా నిలిపిన బండ్లను తీసివేయవలెను. పెండ్లి పందిళ్ళు, గణపతి, దుర్గ పూజల మండపములు వేయునప్పుడు వీధి అంతయు మూసివేయక, అగ్నిమాపక యంత్రము పట్టునంత దారి విడువవలెను. భక్తి యున్నచోట దయయు నుండవలెను. ఆసుపత్రి గేటు ముందు 'ఒక్క నిమిషమే గదా' యని బండి నిలుపుట ఎంతటి తప్పో వేరుగ చెప్పనక్కరలేదు.

అంబులెన్సు దొరకక స్వంత కారులో రోగిని తీసికొనిపోవలసి వచ్చినచో, హెడ్‌లైట్లు వేసికొని, మెలకువతో నడుపవలెను. ఎర్ర దీపమును లెక్కచేయకపోవుటకు మనకు అధికారము లేదు. కంగారుపడినవాడు బండి నడుపుటకంటె, స్థిమితముగా నున్న పొరుగువాని నడుపుమని కోరుట మేలు.

పిల్లలకు నేర్పుడు

ఈ విషయములు పిల్లలకు నేర్పినచో పెద్దలును నేర్చుకొందురు. తండ్రితో స్కూటరు మీద పోవుచున్న బాలిక 'నాన్నా, వెనుక అంబులెన్సు వచ్చుచున్నది, ఎడమకు జరుగుము' అని చెప్పినచో ఆ తండ్రి జరుగక మానడు. బడిలో ఉపాధ్యాయులు ఆటస్థలమున సుద్దతో రోడ్డు గీచి, కొందరు పిల్లలను బండ్లుగను, ఒకరిని అంబులెన్సుగను నిలిపి ఆడింపవచ్చును. మొదటిసారి అందరును ఒకరి నొకరు త్రోసికొందురు. మూడవసారికి దారి తనంతట తానే తెరచుకొనును. పెద్దల రోడ్డును అట్లే, అభ్యాసమే కావలసినది.

ఇప్పుడు మరల ఆ మధ్యాహ్నపు రోడ్డును తలచుకొందము. సైరను వినబడినది. ముందున్న స్కూటరువాడు అద్దములో చూచి ఎడమకు జరిగినాడు. అతనిని చూచి ప్రక్కవాడు జరిగినాడు. బస్సు డ్రైవరు సిగ్నలు వేసి బస్సును అంచున నిలిపినాడు. సైకిలువారు దిగి నిలిచినారు. ఎవరును అరవలేదు, ఎవరును పరుగెత్తలేదు. కుడి ప్రక్కన తెరచుకొన్న త్రోవలో అంబులెన్సు వేగము తగ్గకుండ దాటిపోయినది. అందరికిని కలిపి అర నిమిషము ఆలస్యమైనది. పిమ్మట ఎవరి దారిని వారు పోయినారు.

లోపల నున్నవాడు వారిలో ఒక్కరి పేరును ఎరుగడు. వారును అతని పేరు నెరుగరు. అయినను అతని చికిత్సలో వారందరికిని పాలు కలదు. మందు ఇచ్చువాడు వైద్యుడు. దారి ఇచ్చువాడు పౌరుడు. ఈ రెండును సకాలమున అందినప్పుడే ప్రాణము నిలుచును.